హిప్పోమెనెస్‌తో పందెం

2009లో అమెరికాలోని నేపర్‌విల్ ఊళ్లో ఒక పిల్లల క్లినిక్‌లో ఫిజికల్ థెరపిస్టుగా పనిచేసేదాన్ని. ఆ వేసవిలో ఎనిమిదేళ్ల సహస్రను వాళ్లమ్మ సునీత నా దగ్గరికి తీసుకొచ్చింది. సైకిల్ మీంచి పడి కుడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ తర్వాత ఎముక బాగానే అతుక్కుంది. ఇక వెయిట్ బేరింగ్, అంటే ఆ కాలి మీద బరువు మోపడం, మొదలుపెట్టమన్నారు సర్జన్. సహస్ర మాత్రం భయంతో పాదం నేలకు ఆనించేది కాదు. వారాలు గడిచేకొద్దీ మోకాలు బిగుసుకుపోతోంది.

"ఇంకా లేట్ చేస్తే మోకాలు పూర్తిగా వంగదేమో అంటున్నారు. ఎలాగైనా నడిపించండక్కా," అంది సునీత.

ఒకరోజు మోకాలికి వేడి కాపడం పెడుతుంటే సహస్ర కథ చెప్పమంది. గ్రీకు పురాణాల్లోని హిప్పోమెనెస్ కథ చెప్పాను.

"అతను దేవుడు కాదు, మనలాంటి మామూలు మనిషే. అటలాంటా అనే అమ్మాయిని పరుగులో ఎవరూ ఓడించలేరు. తనను గెలిచినవాణ్నే పెళ్లి చేసుకుంటానంది. ఓడితే ప్రాణం పోతుందని తెలిసీ ఈ కుర్రాడు పందేనికి దిగాడు. ఒక దేవత అతనికి మూడు బంగారు యాపిల్స్ ఇచ్చింది. ఆ అమ్మాయి తనను దాటబోయినప్పుడల్లా ఒకటి దొర్లించాడు. ఆమె ఆగి ఏరుకునేలోగా ముందుకెళ్లి గెలిచాడు."

సహస్ర మొహం ముడుచుకుంది. "అది చీటింగ్ కదా ఆంటీ. నేను అయితే యాపిల్స్ తీసుకుని కూడా విన్ చేస్తా."

"అయితే గెలిచి చూపించు. హిప్పోమెనెస్‌ని నేనే."

పట్టుకుని నడిచే రెండు కడ్డీల మధ్య ఆమెను నిలబెట్టాను. నడుముకు కట్టిన బెల్టును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పసుపు బంతి ఒకటి దొర్లించాను. కావాలనే కుడివైపుకి. సహస్ర దాన్నే చూస్తూ కుడిపాదం నేలకు ఆనించింది. వంగింది. పెదవి కొరుక్కుంటూ బంతి అందుకుంది. రెండోది దొర్లించాను, మూడోదీ. మూడు బంతులనూ పొట్టకు అదుముకుని, నాకంటే ముందు కడ్డీల చివరికి చేరింది.

"యూ లాస్ట్, ఆంటీ," అంది ఆయాసపడుతూ.

గుమ్మంలో నిలబడ్డ సునీత ఏడుస్తూనే నవ్వింది.

మరుసటి వసంతంలో స్కూల్లో పరుగు పందెంలో సహస్ర నాలుగోదిగా వచ్చింది. బొటనవేలు పైకెత్తి దిగిన ఫోటో పంపింది.

అంతవరకూ పిల్లలతో 'భయపడకు' అనేదాన్ని. ఆ మాట మానేశాను. కొత్త పిల్ల ఎవరొచ్చినా, తనకు ఎవరి మీద గెలవాలనుందో ముందు అడుగుతాను.