అధ్యక్షురాలి ఫొటో స్థానంలో ఎర్ర బోర్డు

అప్పట్లో బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఉంటూ నేనొక వంటల వెబ్‌సైటు నడిపేదాన్ని. ఇంకో సైటువాళ్లు నా ఫొటోలు తమ పేజీల్లో చూపించుకునేవారు. కాపీ చేసుకునే శ్రమ కూడా పడలేదు పాపం, లింకు పెట్టి నా సైటు నుంచే తెప్పించుకునేవారు. వాళ్ల పాఠకుల తాకిడికి నా సైటుకి నెలకిచ్చే డేటా కోటా పదిహేను రోజులకే అయిపోయి, నా సైటు మూతపడేది. అడిగితే, "నెట్‌లో ఉన్నది అందరిదీ కదా ఆంటీ!" అని జవాబు. దొంగతనం సరే, ఆ ఆంటీ ఏమిటి?

పట్టుబట్టి సర్వర్‌లో ఒక ఏర్పాటు చేశాను. బయటి సైటు ఏదైనా నా ఫొటో అడిగితే, బదులుగా "ఇది దొంగ సొత్తు" అనే ఎర్ర బోర్డు వెళ్తుంది.

ఆ ఆదివారమే మా తెలుగు సంఘం వెబ్‌సైటు ప్రారంభం. ఈ ఏర్పాటుకి ముందే దాన్ని తయారుచేసి పెట్టింది నేనే. హాలు నిండా జనం. తెర మీద కార్యవర్గం పేజీ తెరిచాను. అధ్యక్షురాలు పార్వతమ్మగారి ఫొటో ఉండాల్సిన చోట "ఇది దొంగ సొత్తు" అని ఉంది. మిగతా నలుగురికీ అదే. వాళ్ల ఫొటోలు నా సైటులో దాచి, సంఘం పేజీకి లింకులిచ్చిన మహాతల్లిని నేనే మరి!

"ఏటమ్మా ఇది? నేనేటి ఎత్తుకుపోయాను?" అన్నారావిడ.

మైకు అందుకుని పావుగంట సర్వర్ల గురించి ఉపన్యసించాను. ఆవిడ ఓపిగ్గా విని, "అచ్ఛా. అయితే తప్పెవరిదమ్మా?" అన్నారు.

"నాదే" అన్నాను.

ఇరవయ్యేళ్ల కాపురంలో నా నోట ఆ మాట వినని మా ఆయన వెనక వరసలో లేచి, "ఇంకోసారి అనవే, ఇటు వినపడలేదు!" అన్నారు.

తాళం వేసేముందు మనవాళ్లెవరైనా బయట ఉండిపోయారేమో చూసుకోవాలని ఆ రోజు తెలిసింది. "నాదే" అన్న మాట మాత్రం మళ్లీ అనలేదు. ఒక జన్మకి ఒకసారి చాలు.