గడప దగ్గర తుమ్ము

బయల్దేరేటప్పుడు తుమ్ము వినిపిస్తే ఆగాలని మీకు ఎవరు నేర్పారు? బడా, పుస్తకమా? ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఆగుతుంటే చూశారు, మీరూ ఆగారు.

నా భార్య పుట్టిల్లు రేపల్లె. తుమ్ము వినపడితే వాళ్ల నాన్న చెప్పులు విడిచి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి గాని కదిలేవాడు కాదట. ఆ అలవాటు ఆమెతోపాటే తెనాలి వచ్చింది. మూఢనమ్మకాల మీద ఊరూరా వాదించి గెలిచిన నా మాట ఇంట్లో మాత్రం చెల్లలేదు.

కిందటేడు మా కోడలికి బాపట్లలో ఒక కాలేజీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. పాప పుట్టాక ఉద్యోగం మానేసింది, మళ్లీ దొరుకుతుందో లేదోనని దిగులు. సంచి భుజాన వేసుకుని గడప దాటబోతుంటే మనవరాలు తుమ్మింది.

"ఆగమ్మా, కూర్చో. నీళ్లు తాగి వెళ్దువుగాని," అంది నా భార్య.

కోడలు కూర్చుంది. పాప ఒళ్లోకెక్కింది. నీళ్లు తాగి లేచేసరికి మరో తుమ్ము. మళ్లీ కుర్చీ, మళ్లీ ఒళ్లో పాప.

"రైలెళ్లిపోతుంది అత్తయ్యా!"

"రెండు తుమ్ములైతే శుభమేగా?" అన్నాను.

"వెంటవెంటనే రావాలండీ. మీకేం తెలుసు! దీనికి జలుబు చేసినట్టుంది."

"దాని ముక్కు చూడు," అన్నాను.

ముక్కు పొడిగా ఉంది. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. కోడలు లేచింది. పాప మా అందరివంకా చూసి, మెడ వెనక్కి వాల్చి, "హాఛ్!" అని నోటితోనే అంది. అని, అమ్మ కూర్చోవడానికి కుర్చీ కూడా లాగింది!

నా భార్య పడీపడీ నవ్వింది. "ఓసి దొంగపిల్లా, నన్నే ఆడిస్తున్నావటే!" అని దాన్ని చంకనెత్తుకుంది. "నువ్వెళ్లమ్మా. ఇది సాయంత్రందాకా తుమ్ముతూనే ఉంటుంది."

కోడలు పరుగందుకుంది. వీధి మలుపు తిరిగేదాకా పాప తుమ్మింది. ఎవరూ కూర్చోలేదు. రైలు దొరికింది, ఆ తర్వాత ఉద్యోగమూ దొరికింది. కొన్నాళ్లకు పాప తుమ్ములు కట్టిపెట్టి, నాయనమ్మను చూసి అమ్మకు చెయ్యి ఊపడం నేర్చుకుంది.

నా ఉపన్యాసాలు ఇన్నేళ్లూ చెయ్యలేని పని ఆ దొంగతుమ్ము చేసింది. కూర్చున్న ప్రతిసారీ పాపకు అమ్మ ఒడి బహుమానంగా ఇచ్చి, ఆ తుమ్మును పెంచింది మేమే. మీ ఇంట్లో శకునాలనూ మీరే పెంచుతున్నారు. ఇక చాలు. రేపు మీ గడపలో ఎవరు తుమ్మినా కూర్చోకండి. పిల్లలు చూస్తుండగా, నవ్వుతూ, బయటికి నడవండి.