డెబ్భై అయిదు అచ్చుపడని డాలరు

అమెరికాలోని రీనో ఊరి జూదశాలల్లో ఇప్పుడు గెలిస్తే మిషన్లు నాణేలకి బదులు కాగితం చీటీలు కక్కుతాయి. చీటీలో ఏం మజా ఉందో ఆ దేవుడికే తెలియాలి. వెర్నా స్టాడర్డ్ అక్కడ చిల్లర ఇచ్చే పని చేసిన రోజుల్లో రేకు తొట్టిలో డాలర్లు దబదబా పడితే వీధిలోకి వినిపించేది. నడుముకి కట్టుకున్న గుడ్డసంచిలో పదికిలోల డాలరు నాణేలు, ఐసెన్‌హోవర్ అధ్యక్షుడి బొమ్మవి, మోస్తూ వరసల మధ్య తిరిగేది. డ్యూటీ దిగేసరికి చేతులు మసిగిన్నెల్లా ఉండేవి. అయినా ఆ రోజులంటే ఆమెకి ప్రాణం.

ఆ సంచిలోంచే, కొడుకు డేల్ పుట్టిన 1972వ సంవత్సరం డాలరు ఏరి బేకింగ్ పౌడర్ డబ్బాలో దాచింది. తన డబ్బు వేసే తీసుకుందిలెండి, దొంగతనం కాదు. 1975లో కూతురు కొలీన్ పుట్టింది. మళ్ళీ వెతికింది. సంచులకి సంచులు గాలించినా ఒక్కటీ దొరకలేదు. ఉంటేగా దొరకడానికి! దేశానికి రెండువందలేళ్ళ పండగని టంకశాలవాళ్ళు ముందే మొదలుపెట్టి, ఆ ఏడు చేసినవాటి మీద కూడా 1776–1976 అనే వేశారు. ఆ సంగతి చిల్లర మోసే మనిషికి ఎవరు చెబుతారు? చివరికి ఆ జంట సంవత్సరాల డాలరే ఒకటి తెచ్చి దాచింది.

ఏడేళ్ళప్పుడు కొలీన్ డబ్బా తీసి చూసింది.

“ఇది నాది కాదు. నేను డెబ్భై అయిదు.”

“నిన్ను అసలు అచ్చే వెయ్యలేదే,” అన్నాడు డేల్. “దారిలో దొరికావు.”

పిల్ల డాలరు నేలకేసి కొట్టింది. మళ్ళీ దాని ఊసెత్తలేదు. కొలీన్ పుట్టడానికి రెండు నెలల ముందే తండ్రి ఇల్లు వదిలిపోయాడు. అదీ ఇదీ కలిపి పిల్ల ఏమనుకుందో వెర్నాకి తెలుసు, కానీ సర్దిచెప్పడానికి నోరు రాలేదు. పెద్దయ్యాక కూడా కొలీన్ పండక్కి వచ్చేది, తినేది, వెళ్ళేది. మనసు మాత్రం విప్పేది కాదు.

మొన్న, డెబ్భై ఏడో ఏట, డబ్బాలో ఉన్నవాటి వెల కనుక్కుందామని వెర్నా నాణేల సంతకి వెళ్ళింది. అక్కడ బల్ల వేసుక్కూర్చున్న ఓర్విల్ ఒకప్పుడు ఆమె దగ్గరే చిల్లర తీసుకుని పోగొట్టుకున్నవాడు.

“నా జీతమంతా నీ చేతుల మీదుగానే పోయింది వెర్నమ్మా.”

“నేనేమన్నా మింగానా? ముందు ఇది చూడు.”

జంట సంవత్సరాల డాలరుని అతను వెనక్కి తిప్పి భూతద్దం పెట్టాడు.

“అక్షరాలు లావుగా ఉన్నాయి చూశావా? ఇది మొదటి రకం, డెబ్భై అయిదులో కొట్టింది. తరవాత సన్నం చేశారు. ఇవి కాస్త తక్కువే దొరుకుతాయి. అలాగని మేడలు కట్టేస్తాననుకోకు, ఇంత అరిగినదానికి డాలరున్నర ఇస్తా.”

“నువ్వేం ఇవ్వక్కర్లేదులే,” అని లాక్కుంది.

తిన్నగా కొలీన్ ఇంటికెళ్ళి వంటబల్ల మీద నాణెం పెట్టి, ఓర్విల్ చెప్పిందంతా చెప్పింది. కొలీన్ ఆ లావు అక్షరాలని వేలితో తడిమింది.

“నాణెం కోసం కాదమ్మా నా ఏడుపు. ఆ ఏడంటేనే నీకు అసహ్యమనుకున్నా.”

“అసహ్యమే,” అంది వెర్నా. “మీ నాన్న వదిలేసి పోయాడు. అద్దె కట్టలేకపోయా. తొమ్మిదో నెల దాకా ఆ సంచి మోశా. ఆ ఏడు మొత్తంలో నాకు నచ్చింది నువ్వొక్కదానివే.”

నలభై ఎనిమిదేళ్ళ మనిషి తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. వెర్నా లెమ్మనలేదు.