బురద దొర ప్రిమ్‌రోజ్‌లకు నా వైద్యం

ఆ రోజుల్లో, అంటే డెబ్బయ్యో దశకం మొదట్లో, ఇంగ్లండులో దిగిన మన కుర్ర డాక్టర్లకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అందులో నేను మరీను. న్యూకాసిల్లో నేను జూనియర్‌గా పనిచేసిన ఆస్పత్రిలో పెద్ద డాక్టరైన కన్సల్టెంటును మేం చాటుగా 'బురద దొర' అనేవాళ్లం. ఇంటి వెనక ఎండపొడ సోకని చెట్ల కింద, మడమ దాకా దిగబడే చిత్తడిలో ఆయన కాండెలాబ్రా ప్రిమ్‌రోజ్‌లు పెంచేవాడు. నిలువు కాడ చుట్టూ అంతస్తులు అంతస్తులుగా పసుపు పూలు. జడలోకి పనికిరావు, పూజకు పనికిరావు. (ఇంత చదువుకున్నవాడికి ఇదేం ఖర్మ అని జాలిపడేవాణ్ణి.)

జూన్‌లో రెండు వారాలు సెలవు మీద వెళ్తూ ఆయన తోట నాకప్పగించాడు. "వాన రాకపోతే నీళ్లు పెట్టండి డాక్టర్. ఇంకేమీ చెయ్యకండి," అన్నాడు. జూనియర్‌కు పై మెట్టయిన రిజిస్ట్రారు పోస్టుకు ఆయన రాసే ఉత్తరమే నాకు దిక్కు కనుక వినయంగా తలూపాను. కానీ గుంటూరు మిరపతోటల్లో పెరిగినవాణ్ణి. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుందని నాకొకరు చెప్పాలా? "దొరకి సేద్యం రాదే," అంటూ పార తీశాను. "ఏమండీ, వాళ్ల మొక్కలు వాళ్లిష్టం. చెప్పింది చేసి రండి చాలు," అంది మా ఆవిడ. "నీకు తెలీదు, ఊరుకో!"

మధ్యాహ్నమంతా కాలువ తవ్వి చిత్తడి నీరంతా బయటికి తోలేశాను. ఆ వారమే ఇంగ్లండులో ఎన్నడూ లేని ఎండలు కాశాయి. నాలుగో రోజుకి ఆకులు వేలాడిపోయాయి, కాడలు తాగుబోతుల్లా ఒకదాని మీదొకటి ఒరిగాయి. కాలువ పూడ్చేసి, రోజూ డ్యూటీ దిగగానే నేనూ మా ఆవిడా బక్కెట్లతో నీళ్లు మోశాం. ఆవిడ నాకంటే రెండు బక్కెట్లు ఎక్కువే మోసింది. (తిట్టినా బాగుండేది.) సగం మొక్కలు కూడా తేరుకోలేదు.

దొర తిరిగొచ్చాడు. ఆయన అడక్కముందే, "నేనే తవ్వాను సర్. వేళ్లకు మంచిదనుకున్నాను," అని కక్కేశాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని మట్టి తడిమి చూశాడు. "వైద్యం మొదలెట్టే ముందు రోగిది ఏ ఊరో అడగొద్దా డాక్టర్? ఇవి మీ దేశంవే. అస్సాం వైపు కొండల్లో, తడినేలల్లో పుట్టినవి." నా తల భూమిలోకి పోయింది.

నెల తిరక్కుండా ఉత్తరం ఇచ్చాడు: "కష్టజీవి. చెప్పిన మాట వినడు. తప్పు దాచడు." ఉద్యోగం వచ్చింది. ఆ ఉత్తరాన్ని మా ఆవిడకు గర్వంగా చదివి వినిపించాను, నడిమి వాక్యం మింగేసి. అప్పటి నేననే ఆ గొప్పవాడు ఇప్పుడు ఎదురైతే చెవి మెలిపెట్టాలనే ఉంటుంది. నవ్వొచ్చి చెయ్యి లేవదేమో.