అత్తయ్యకి చేసిన మొక్కజొన్న గ్లాసు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పాసైన ఆ కొత్తలో, లోకంలో ప్రతి వస్తువూ నా అనుమతి తీసుకునే కరుగుతుందని నాకో నమ్మకం ఉండేది. వయసు అలాంటిది. ఆ నమ్మకం నాకన్నా మా మావయ్యకి ఎక్కువ. రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేసుకునే మనిషి, కాలవల నిండా తేలే ప్లాస్టిక్ గ్లాసులు చూడలేక అత్తయ్య పోరుపెడితే, ఎరువుగా మారిపోయే గ్లాసులు చేస్తానని రేకుల షెడ్డులో మౌల్డింగ్ మిషను పెట్టాడు. మొక్కజొన్న నుంచి తయారయ్యే ఒక రకం పాలిస్టర్ గింజలు బస్తాలతో తెప్పించాడు. వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి "మా మేనకోడలండి, మా సైంటిస్టు" అనేవాడు. (షెడ్డు తుడిచేది కూడా ఆ సైంటిస్టేనని చెప్పేవాడు కాదు.)

మిషను బిగించేసరికి అత్తయ్య రాజమండ్రి ఆస్పత్రిలో ఉంది. జబ్బు ముదిరిపోయిందనీ, ఇక చేయగలిగింది పెద్దగా లేదనీ డాక్టరు మావయ్యతో చెప్పేశాడు. అత్తయ్యకి అది ఎవరూ చెప్పలేదు, ఆవిడ అడగనూ లేదు. "మొదటి గ్లాసులో కాఫీ నాకే పొయ్యాలండీ" అని మాత్రం అడిగింది.

అప్పటికి ముసురు పట్టి వారమైంది. చూడ్డానికి వచ్చినవాళ్ళ కోసం మావయ్య బస్తాల మూతులు విప్పి, కందిపప్పు చూపించినట్టు గింజలు దోసిట్లోకి తీసి చూపించేవాడు. నేను తల పట్టుకున్నాను.

"తేమ పీల్చేశాయి మావయ్యా. డ్రయ్యర్‌లో బాగా ఎండాలి. లేకపోతే వేడి తగలగానే ఆ నీరే లోపలి గొలుసుల్ని తెంపేస్తుంది."

"గొలుసులేంటమ్మా, బంగారమా?"

"పాలిస్టర్ అంటేనే పొడుగాటి గొలుసులు మావయ్యా. అవి ముక్కలైపోతే గ్లాసుకి బలం ఉండదు."

ఆయన బుద్ధిగా విన్నాడు. డ్రయ్యర్ వేయబోతే కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. "ఎండబెట్టుకునేంత టైము మీ అత్తయ్యకి లేదమ్మా" అన్నాడు మెల్లగా. అన్నిటికీ జవాబున్న నేను ఆ తడి గింజలే పోసి మిషను ఆన్ చేశాను.

ముద్దగా రావాల్సిన సరుకు నాజిల్లోంచి గంజిలా కారింది. అచ్చులోంచి తీసిన గ్లాసు వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. వేడి చాల్లేదేమోనని, నేను అడ్డం పడేలోపే మావయ్య హీటరు పెంచేశాడు. ఉన్న కాసిని గొలుసులూ తెగిపోయినట్టున్నాయి, మాడిన బెల్లం రంగు తేలింది, వాసన షెడ్డంతా కమ్మింది. మావయ్య బస్తా మీద కూలబడి, పొగకి కళ్ళు మండుతున్నాయంటూ తువ్వాలుతో తుడుచుకున్నాడు. (పొగ అంత లేదు.)

మర్నాడు పొద్దుటి నుంచీ గింజలు ఎండబెట్టి, వేడి తగ్గించి, ఎలాగో ఒక గ్లాసు సాధించాం. కాస్త పసుపు తిరిగింది గానీ గ్లాసే. రాజమండ్రిలో బస్సు దిగేవరకూ మావయ్య దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. "కాఫీ కాస్త చల్లారనివ్వండి, వేడికి మెత్తబడుతుంది" అని ఆస్పత్రిలో నేను చెప్పేలోపే, అత్తయ్య మంచం మీదే గ్లాసు పెట్టి ఫ్లాస్కు వంచేశాడు. గ్లాసు ఒక్క క్షణం నిలబడింది. తర్వాత మర్యాదగా నడుం వంచి, కాఫీ మొత్తం దుప్పటి మీద పోసేసింది.

మావయ్య తువ్వాలుతో దుప్పటి తుడవబోయాడు. అత్తయ్య గ్లాసుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏవండీ, దీనికి నాకన్నా నీరసంగా ఉందండీ."

అని నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. మావయ్యా నవ్వాడు, నేనూ నవ్వాను, దుప్పటి మార్చడానికి వచ్చిన నర్సు కోప్పడబోయి తనూ నవ్వేసింది. ఆ నెల తిరక్కుండానే అత్తయ్య వెళ్ళిపోయింది.

కార్యక్రమాలన్నీ అయ్యాక నేను మావయ్య దగ్గరికి వెళ్ళాను. అచ్చుని వేడిగానే ఉంచి, సరుకుని అందులో నిదానంగా గట్టిపడనిస్తే మరిగే కాఫీకి కూడా తట్టుకుంటుందని ఉత్సాహంగా బొమ్మ గీసి మరీ వివరించాను. ఆయన ఆఖరిదాకా విన్నాడు.

"బావుందమ్మా. చేస్తే, ఎవరికి చూపించను?"

ఆ సైంటిస్టు పిచ్చిపిల్ల ఆ ప్రశ్నక్కూడా జవాబు ఉంటుందనుకుంది. కాగితం తిప్పి, ఆ గీతల మధ్య కాసేపు నిజంగానే వెతికింది.