ఒకటి నుంచి పది దాకా

యాభై దాటాక ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలనుకోవడం ఒక తెలివితక్కువతనం. దాన్ని నలుగురి మధ్య, బస్సులో నేర్చుకోవడం ఇంకొకటి. జహీరాబాద్‌లో బస్సెక్కి, ఫోన్‌తో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టించబోయాను. అది రోజూలాగే ఒకటి, ఒకటి, ఒకటి అంటూ తెరంతా నింపింది. దానికి లెక్క నేర్పబోయి నేనే లెక్కలో లేకుండా పోయాను.

ఆ పూట మాత్రం తప్పు ఎక్కడుందో అందీ అందనట్టు తోచింది. అంతలో పక్క సీటు యువకుడు ఫోన్ లాక్కున్నాడు.

"ఇట్లియ్యి కాకా."

"జర ఆగు బిడ్డా, దొరుకుతున్నది."

"ఏం దొరుకుతది? ఈ వయసుల నీకెందుకీ లొల్లి?"

నా ప్రోగ్రామ్‌లో ఒక్క వరస రాసి, పది దాకా చూపించి, ఫోన్ నా ఒళ్లో పడేశాడు. వెనక సీటామె "మస్తు హుషారున్నడు" అని మెచ్చుకుంది. నోటిదాకా వచ్చిన ముద్దను ఎవడో గుంజుకుని మింగినట్టు నాకు ఒళ్లు మండిపోయింది. అతను చూస్తుండగానే ఆ వరసను చెరిపేశాను.

"అయ్యో, మంచిగున్నదాన్ని ఖరాబు చేస్తివి గద కాకా!"

"నా తప్పు నాకు కావాలె."

అతను తల కొట్టుకుని కళ్లు మూసుకున్నాడు. సంగారెడ్డి దాటాక నా ఫోన్ పది దాకా లెక్కపెట్టింది. అతను గురకపెడుతున్నాడు. భుజం పట్టి కుదిపి, నిద్ర లేపి మరీ చూపించాను.