మస్కట్‌కి పంపిన పసుపు

మొన్న పొద్దున కాఫీ తాగుతుంటే ఫోన్ టింగుమంది. మా ఆడపడుచు కూతురి పెళ్లి పిలుపు. తెరిస్తే బంతిపూలు జలజలా రాలుతున్నాయి, సన్నాయి మోగుతోంది, నాలుగు మూలలా పసుపు దానంతట అదే తళుక్కుమంటోంది. బంధువులందరినీ పోగేసిన గ్రూపులో, ఎవరి పేరూ లేకుండా, అందరికీ కలిపి ఒకేసారి పడేశారు. ఆ మెరిసే పసుపు చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండిందో పిల్లలకి చెప్పినా ఎక్కదు కానీ, నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో ఈమెయిల్ పంపిన నా తరం వాళ్లకైతే చెప్పుకోవచ్చు.

తొంభైల చివర్లో నేను గుంటూరులో, మిరపకాయలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఆఫీసు మిర్చి యార్డుకి దగ్గర కావడంతో, సీజన్‌లో తుమ్ముతూ టైపు చేయడం, కళ్లు తుడుచుకుంటూ చదవడం మాకు మామూలే. నాకిచ్చిన కంప్యూటర్‌కి మౌస్ లేదు. ఫోన్ లైను కాసేపు గీపెట్టి కలిశాక నల్ల తెర మీద మెయిల్ తెరుచుకునేది, అందులో అక్షరాలు తప్ప బొమ్మా కనపడదు, రంగూ కనపడదు. రంగుల కంప్యూటర్ ఒకటి ఉండేది, మేనేజరుగారి అద్దాల గదిలో, పూలగుడ్డ కప్పుకుని. ఆయన దాని మీద పేకాట ఆడుకునేవారు తప్ప, ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవారు కాదు.

అప్పుడే నా పెళ్లి కుదిరింది, ముహూర్తం దగ్గర్లోనే పడింది. మార్టూరు దగ్గర మా ఊళ్లో పెళ్లికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకురావాలి. నాకున్న ఒకే ఒక్క మేనమామ మస్కట్‌లో ఇళ్లు కట్టే కంపెనీలో పనిచేసేవాడు. చిన్నప్పుడు నన్ను భుజం మీంచి దించకుండా తిప్పినవాడు, బుట్ట ఇంకెవరో పట్టుకుంటారంటే నాకు ఏడుపొచ్చేది. అయితే ఆయనకి పట్టింపు జాస్తి. మా గృహప్రవేశానికి ఫోన్‌లో పిలిచామని రానే లేదు. శుభలేఖ పోస్టులో వేస్తే పెళ్లయ్యాక అందుతుంది. వాళ్ల కంపెనీకి మెయిల్ ఉందని నేనంటే అమ్మమ్మ అడిగింది ఒకటే మాట.

"దానికి పసుపు పెట్టొచ్చటే?"

కుదరదన్నాను.

"పసుపు లేకుండా పంపితే వాడు రాడే. నా కొడుకు సంగతి నాకు తెలీదా?"

ఆఫీసు అయ్యాక కాసేపు రంగుల కంప్యూటర్ ఇవ్వమని మేనేజరుగారిని అడిగాను. "కంపెనీ కంప్యూటర్ కొన్నది పసుపులు పెట్టుకోడానికి కాదమ్మా. కబురు అందాలి గానీ, అక్షరాలు చాలవూ?" అన్నారు. అంతకుముందు వేసవిలోనే వాళ్లమ్మాయి శుభలేఖలకి ఆఫీసంతా కూర్చుని పసుపు పెట్టాం. ఆ సంగతి ఆయన మొహాన అడగాల్సింది, అడగలేకపోయాను, ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

ఇక పంతం పట్టాను. కంప్యూటర్ కోర్సులో నేర్చుకున్న గుర్తులతో, ఫలానా మూల ఫలానా రంగు రావాలని ఒక్కొక్కటే చేత్తో టైపు చేసి, మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు శుభలేఖ రాసి పంపాను. అక్కడి మలయాళీ గుమస్తా, ఈ పిచ్చి గుర్తులేమిటి, మీ మెషిన్ పాడైందా అని జవాబిచ్చాడు. రంగులు రాకపోగా నా గుర్తులన్నీ అక్షరాలుగానే వెళ్లాయి. ఇది వట్టి అక్షరాల ఉత్తరం కాదు, రంగుల పేజీ అని మెయిల్ తలమీద ఒక లైను మార్చాలని పుస్తకాలు తిరగేశాక తెలిసింది. అది మార్చి, మా ఇంటి పసుపుకొమ్ములా ముదురు రంగు ఎంచుకుని మళ్లీ పంపాను. నా నల్ల తెర మీద మాత్రం ఏ రంగూ లేదు. నేను పెట్టిన పసుపు నాకే కనపడలేదు.

తర్వాత మావయ్య నేరుగా మా ఆఫీసుకే ఫోన్ చేశాడు, అద్దాల గదికి.

"ఏమే, పిలిచింది పెళ్లికా, దినానికా? శుభలేఖకి నాలుగు మూలలా నలుపు పూస్తారటే?"

ముందు అర్థం కాలేదు, గుచ్చి గుచ్చి అడిగితే తేలింది. ఆ గుమస్తా మెయిల్‌ని రంగులు రాని ప్రింటరు మీద తీసి ఇచ్చాడు. నా ముదురు పసుపు కాస్తా, చావు కబురు కార్డుకి పూసినట్టు, నల్లగా దిగింది. మేనేజరుగారు నవ్వు ఆపుకుంటూ నిలబడ్డారు. ఎప్పుడూ గొంతెత్తని నేను ఆ గదిలో అరిచేశాను. "కాగితం చూసి మాట్లాడకు మావయ్యా. వెళ్లి తెర మీద చూడు. చూశాక కూడా నలుపే అయితే రావద్దు." ఆయన ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఫోన్ లేదు, మెయిల్ లేదు. అమ్మమ్మ నాతో మాట్లాడడం తగ్గించింది, అమ్మ బుట్ట పట్టడానికి వరసకి మేనమామ అయ్యేవాళ్లని వెతకడం మొదలుపెట్టింది.

నన్ను పెళ్లికూతుర్ని చేస్తుండగా వాకిట్లో జీపు ఆగింది. మావయ్య సూట్‌కేసు కింద పెట్టకుండానే అమ్మమ్మ దగ్గరికెళ్లి, "పసుపేనే అమ్మా. కంప్యూటర్లో నా కళ్లతో చూశా," అన్నాడు. జేబులోంచి ఆ నల్ల మూలల కాగితం తీసి ఆమె ముందు పరిచాడు. అమ్మమ్మ నాకు రాస్తున్న నలుగు గిన్నెలోంచే పసుపు తీసి, ఆ నలుపు మీద నాలుగు మూలలా అద్దింది. మర్నాడు ఆయనే నన్ను బుట్టలో మోసుకొచ్చాడు, బరువెక్కానని దారంతా తిడుతూ.

నేను పంపిన పసుపును ఈ లోకంలో చూసింది మావయ్య ఒక్కడే, ఆ గుమస్తాని వదిలేస్తే. ఇప్పుడు ఆయన లేడు, అమ్మమ్మా లేదు.

నిన్న ఉండబట్టలేక ఆడపడుచుకి ఫోన్ చేసి, పిలిచే పద్ధతి ఇదేనా అని అడిగేశాను. "గ్రూపులో పెట్టానుగా వదినా, చూడలేదా?" అంది, పాపం, నిజంగానే ఆశ్చర్యపోతూ. మేం పెళ్లికి వెళ్లకూడదని మా ఆయనతో ఖచ్చితంగా చెప్పేశాను. చెప్పాను గానీ, ఆనాడు మావయ్యకి నేను చెప్పినట్టు నాకూ ఎవరైనా నచ్చజెబుతారేమోనని అప్పటినుంచీ ఫోన్ దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. గ్రూపులో అందరూ పూలగుత్తులు పెడుతున్నారు. నేను పెట్టలేదన్న సంగతి ఇంతవరకూ ఎవరికీ తెలిసినట్టు లేదు.